ఏడు రాళ్లమీద చమురు ఓడ

ఇంగ్లండు దేశపు నైరుతి కొనకు కార్న్‌వాల్ అని పేరు. ఆ కొన దాటి సముద్రములో కొంత దూరము పోయినచో సిల్లీ దీవులు కనబడును. ఈ రెంటి నడుమ, కెరటముల క్రింద దాగియుండు బండల వరుస ఒకటి కలదు. అక్కడి నావికులు దానిని "ఏడు రాళ్లు" అని పిలుతురు. పోటు సమయమున అవి కనబడవు. పాటు సమయమున కొన్ని మాత్రము తలలెత్తును. ఎన్నో ఓడలు వాటికి తగిలి మునిగినందున, 1841 నుండి ఆ బండలకు కొంత దూరములో ఒక దీపపు ఓడను లంగరు వేసి నిలిపియుంచిరి. దానిమీద మనుష్యులు కాపురముండి, దారి తప్పి వచ్చు ఓడలకు సైగలు చేయుచుండెడివారు.

1967 మార్చి 18 వ తేదీ, శనివారము ఉదయము, ఆ దీపపు ఓడలోని కాపరులు ఒక పెద్ద చమురు ఓడ తిన్నగా బండలవైపు వచ్చుట చూచిరి. జెండాలు ఎగురవేసి హెచ్చరించిరి. ఆకాశము నిర్మలముగా నుండెను. తుపాను లేదు, మంచు లేదు. తొమ్మిది గంటలు కావచ్చుచుండగా ఆ ఓడ పొలార్డు బండ అనుదానిపై ఎక్కి నిలిచిపోయినది.

ఆ ఓడ పేరు టోరీ కాన్యన్. దాని పొడవు సుమారు 297 మీటర్లు. 1959 లో అమెరికా దేశమున కట్టినప్పుడు దానికింత పొడవు లేదు. చమురునకు గిరాకి పెరుగుట చూచి, యజమానులు దానిని జపాను దేశమునకు పంపి, నడుమ కోయించి, అదనపు భాగమును అతికించిరి. దానితో ఓడ మోయు బరువు రమారమి రెట్టింపైనది. బరువు పెరిగినది గాని, అంత బరువును ఆపగల శక్తి, త్రిప్పగల శక్తి ఆ కొలదిని పెరిగెనా యన్న ప్రశ్నను ఆనాడు అడిగినవారు తక్కువ. ఆ ప్రయాణములో అది కువైటునుండి 1,19,000 టన్నుల ముడి చమురును నింపుకొని ఫిబ్రవరి నెలలో బయలుదేరినది. నిండు బరువుతో సూయెజు కాలువలో పట్టదు గనుక ఆఫ్రికా ఖండమును చుట్టి రావలసివచ్చినది.

ఇక్కడ ఈ ఓడ వంశవృక్షమును కొంచెము చెప్పక తప్పదు. కట్టినది అమెరికాలో, పెంచినది జపానులో. సొంతదారు బెర్ముడా దీవిలో నమోదైన ఒక కంపెనీ. ఆ కంపెనీ వెనుకనున్నది కాలిఫోర్నియాలోని యూనియన్ ఆయిల్ కంపెనీ. ఎగురవేసిన జెండా లైబీరియా దేశపుది. ఆ ప్రయాణమునకు బాడుగకు తీసికొన్నది బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ. కప్తాను, నావికులు ఇటలీవారు. చమురు కువైటుది. చేరవలసిన రేవు వేల్సులోని మిల్‌ఫర్డ్ హేవెన్. ఇంతమందికి చెందిన ఓడ బండ నెక్కినప్పుడు, దానిని గూర్చి నిర్ణయము చేయవలసినవారెవరు? ఈ ప్రశ్నకు ఆ ఉదయమున ఏ ప్రభుత్వమువద్దను సమాధానము లేకపోయినది. తరువాత జరిగిన అనర్థములో సగము ఈ లోపమునుండియే పుట్టినదని నా అభిప్రాయము.

కప్తాను పేరు పాస్ట్రెంగో రుజియాతి. అనుభవశాలి. అయినను ఆనాడు అతనిని తొందర తరిమినది. మిల్‌ఫర్డ్ హేవెన్ రేవులో అంత లోతుగా మునుగు ఓడ ప్రవేశించుటకు పెద్ద పోటు కావలెను. ఆ రాత్రి పోటును అందుకొననిచో మరి అయిదారు దినములు రేవు వెలుపల పడియుండవలెను. అంతేకాదు, రేవులో ప్రవేశించుటకు ముందు, ఓడ అడుగు సమముగా నుండునట్లు ఒక కొట్టునుండి మరియొక కొట్టునకు చమురు మార్చుకొనవలసియుండెను. అందుకు కొన్ని గంటలు పట్టును. సిల్లీ దీవులకు పడమరగా పోవలెనని అతడు మొదట తలచెను. రాత్రివేళ ప్రవాహము ఓడను తూర్పునకు నెట్టినది. తెల్లవారి లేచి చూచుకొని, మరల పడమరకు మళ్లి చుట్టు తిరుగుటకు బదులు, దీవులకును ఏడు రాళ్లకును నడుమనున్న సందులోనుండి పోవుటకు నిశ్చయించెను. ఎదుట చేపల పడవలు అడ్డమువచ్చినవి. త్రిప్పవలసిన చోట త్రిప్పుటకు వీలు చిక్కలేదు. వీలు చిక్కినప్పుడు చుక్కాని మాట వినలేదు. దానంతట అదియే నడుచునట్లు చేయు మీట ఆ స్థితిలోనే యుండిపోయినందున, నావికుడు చక్రము ఎంత త్రిప్పినను ఫలితము లేకపోయినది. చుక్కాని యంత్రము చెడినదని కప్తాను భ్రమపడి యంత్రశాలకు టెలిఫోను చేయబోగా అది పొరపాటున వంటశాలకు తగిలినదనియు, అవతలివాడు ఉదయపు ఫలహారమునుగూర్చి అడిగెననియు, ఈ ఉదంతమును వ్రాసినవారు చెప్పుదురు. లోపము తెలిసి మీటను సరిచేయునప్పటికి కాలము మించిపోయినది.

మొదటి దినములలోనే సుమారు ముప్పదివేల టన్నుల చమురు నీటిమీదికి వచ్చినది.

ముడి చమురు సముద్రముమీద పడినప్పుడేమి జరుగునో ఇక్కడ చెప్పుకొనుట మంచిది. అందులోని తేలిక భాగము మొదటి దినముననే గాలిలోనికి ఆవిరియై పోవును. మిగిలినది పలుచని పొరగా పరచుకొనును. గాలియు అలలును దానిని చిలుకుచుండగా, అది తనలోనికి నీటిని త్రాగి, కవ్వము క్రింది వెన్నవలె చిక్కబడి, గోధుమరంగు ముద్దగా మారును. ఆ ముద్దలో చమురుకంటె నీరే ఎక్కువ. అనగా ఓడనుండి పోయినది ఒక కడవయైనచో ఒడ్డునకు చేరునది మూడు నాలుగు కడవలు కావచ్చును. ఈ మార్పునకు పట్టు కాలము గంటలలోను, కొలది దినములలోను ఉండును. కనుక చమురు పలుచగా నున్నప్పుడే పట్టవలెను. చిక్కబడినతరువాత పంపులు లాగలేవు, మందులు పనిచేయవు, నిప్పు అంటుకొనదు.

ఈ సంగతి 1967 లో శాస్త్రజ్ఞులకు కొంతకొంత తెలియును. కాని ఆ మొదటి వారమంతయు ఓడను పైకి లాగుటయా, మానుటయా యన్న మీమాంసతో గడచిపోయినది. ఓడ నిలిచిన చోటు బ్రిటిషు ప్రాదేశిక జలములకు వెలుపల ఉండెను. ఆ కాలమున ఆ జలములు ఒడ్డునుండి మూడు మైళ్లవరకే. బహిరంగ సముద్రములో పరదేశపు జెండా ఎగురవేసిన ఓడను ముట్టుకొనుటకు తీరప్రాంత ప్రభుత్వమునకు చట్టమిచ్చిన అధికారమేదియు స్పష్టముగా లేదు. ఓడను విడిపించుటకు యజమానుల పక్షమున హాలెండు దేశపు కంపెనీవారు వచ్చిరి. మార్చి 21 వ తేదీన ఓడలో ప్రేలుడు జరిగి, ఆ కంపెనీ పనిని నడిపించుచున్న కప్తాను హాన్స్ స్టాల్ మరణించెను. చమురు ప్రమాదములను గూర్చి మాటలాడునప్పుడు పక్షుల లెక్క, పైకపు లెక్క వచ్చును గాని ఈ మనుష్యుని పేరు తరుచుగా రాదు.

మార్చి 26 వ తేదీ ఈస్టరు ఆదివారము. ఆనాడు ఓడ నడుము విరిగినది. మరి యేబదివేల టన్నుల చమురు బయటపడినది. అప్పటికే కార్న్‌వాల్ ఇసుక తీరములకు మొదటి తెట్టు చేరియుండెను. కార్న్‌వాల్ ప్రజలలో పలువురకు వేసవిలో వచ్చు యాత్రికులే జీవనాధారము; ఈస్టరుతో ఆ కాలము మొదలగును. బ్రిటిషు ప్రధాని హెరాల్డ్ విల్సన్‌కు సిల్లీ దీవులలో సొంత యిల్లు ఉండెను. పత్రికలన్నియు ఆ తీరముననే కాచుకొనియుండెను. ఇంక ఓడ దక్కదని తేలినతరువాత మార్చి 28 న దానిని కాల్చివేయుటకు నిశ్చయించిరి.

నౌకాదళపు విమానములు వచ్చి వేయి పౌనుల బాంబులను వేసినవి. వైమానికదళము వచ్చి విమానపు కిరసనాయిలు పీపాలను వేసినది. మంట ఎగసినది, పోటు వచ్చి ఆర్పినది. మరునాడు మరల వచ్చిరి. చివరకు నాపాము సహితము వాడిరి. నాపాము తమ దేశమువద్ద ఉన్నదన్న సంగతియే అంతకుముందు ప్రజలలో పలువురకు తెలియదు. కదలక మెదలక ఒకే చోట పడియున్న మూడువందల మీటర్ల ఓడమీద వేసిన బాంబులలో నాలుగింట ఒకటి తప్పిపోయినదన్న మాట పత్రికలకు చాలకాలము పరిహాసమునకు పనికివచ్చినది. మార్చి 30 నాటికి ఓడలో మిగిలిన చమురు చాలవరకు కాలిపోయి, ఓడ మునిగిపోయినది. అప్పటివరకు ప్రపంచములో ఇంత పెద్ద ఓడ పగిలి యుండలేదు. ఇంత దూరము దానిని వెంటాడి చంపిన ప్రభుత్వమును లేదు.

బాంబులకంటె ఎక్కువ కీడు చేసినది మరియొకటి కలదు. ఈ కథలో నేను ఎక్కువసేపు నిలువదలచినది ఇక్కడనే.

ఓడ బండనెక్కిన సాయంకాలమే నౌకాదళపు ఓడలు డిటర్జెంటు పీపాలతో బయలుదేరినవి. అది పళ్లెములు కడుగుకొను సబ్బుపొడివంటిది కాదు. యంత్రశాలల నేలమీద, ఓడల కొట్లలో పేరుకొన్న జిడ్డును కడుగుటకై తయారుచేసిన ద్రవము. దానిలో జిడ్డును విడదీయు పదార్థము కొంతయే. తక్కినది కిరసనాయిలు జాతికి చెందిన ఘాటైన ద్రావకము. దానిని చమురుమీద చల్లి బాగుగా కలియబెట్టినచో చమురు సన్నని బిందువులుగా విడిపోయి నీటిలో కలిసిపోవును. కంటికి కనబడదు. ఇదియే దాని ఆకర్షణ.

తెట్టు ఒడ్డునకు చేరినప్పుడు సైనికులు, అగ్నిమాపక దళమువారు, ఊరివారు కలిసి ఈ ద్రవమును ఇసుకమీద, బండలమీద, గుంటలలో పోసిరి. కొండకొమ్ములమీదినుండి పీపాలకు పీపాలు దొర్లించిరి. కార్న్‌వాల్ తీరమునకు చేరిన చమురు సుమారు 14,000 టన్నులని అంచనా. దానిని పోగొట్టుటకు వాడిన డిటర్జెంటు సుమారు 10,000 టన్నులు. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. సముద్రము తనంతట తాను తెచ్చిన విషమునకు సాటిగా మరియొక విషమును మనుష్యులు తమ చేతులతో, సదుద్దేశముతో, కష్టపడి మోసుకొనివచ్చి పోసిరి.

ప్లిమత్ పట్టణములో సముద్ర జీవశాస్త్ర సంఘమువారి పరిశోధనశాల కలదు. ఆ శాస్త్రజ్ఞులు తమ పనులన్నియు మాని తీరము వెంబడి తిరిగి, చూచినది చూచినట్లు వ్రాసికొనిరి. వారి గ్రంథము మరుసటి సంవత్సరమే, 1968 లో, వెలువడినది. వారు కనుగొన్న విషయము స్పష్టమైనది: చమురు మాత్రమే పడిన బండలమీద ప్రాణులు చాలవరకు బ్రతికినవి, డిటర్జెంటు పోసిన బండలమీద చచ్చినవి. బండను గట్టిగా కరచుకొనియుండు గొడుగువంటి చిన్న చిప్ప ప్రాణి ఒకటి కలదు. ఇంగ్లీషువారు దానిని లింపెట్ అందురు. అది బండమీద మెల్లమెల్లగా ప్రాకుచు నాచును గీకి తినును. మన ఊళ్లలో మేకలు పొలము గట్లను శుభ్రముగా నుంచునట్లు బండలను శుభ్రముగా నుంచును. డిటర్జెంటు తగిలినంతనే లింపెట్ల పట్టు సడలి అవి రాలిపోయినవి. మేత మేయువారు లేనందున మొదట బండలన్నియు పచ్చని నాచుతో కప్పబడినవి. తరువాత గోధుమరంగు పెద్ద నాచు ఏపుగా పెరిగినది. యాత్రికులు చూచి తీరము కోలుకొన్నదని సంతోషించిరి. శాస్త్రజ్ఞులకు మాత్రము అది రోగలక్షణము. కొన్ని సంవత్సరములకు లింపెట్లు తిరిగివచ్చి, విస్తారముగా మేతయుండుటచే అతిగా పెరిగి, నాచునంతయు తినివేసి, తినుటకేమియు లేక మరల తగ్గిపోయినవి. ఈ ఊయల నిలుచుటకు కొన్నిచోట్ల పదేండ్లకు పైగా పట్టినది.

దీనికి సరిపోల్చి చూచుటకు ప్రకృతియే ఒక సాక్ష్యమును మిగిల్చినది. గాడ్రెవీ అనుచోట సీలు జంతువులు నివసించుటచే, వాటికి హాని కలుగునని, డిటర్జెంటు వాడక చమురును వదలివేసిరి. చూచుటకు నల్లగా, అసహ్యముగా నుండెను. కాని రెండు మూడేండ్లలో అక్కడి బండలు మునుపటివలెనే యైనవి. అలలు, సూక్ష్మజీవులు, లింపెట్లు కలిసి ఆ పని చేసినవి. శుభ్రముగా కనబడుట వేరు, బాగుపడుట వేరు అని ఇన్ని సంవత్సరములు గడచినతరువాత చెప్పుట తేలిక. ఎదుట పత్రికలవారును, వెనుక హోటళ్లవారును నిలిచి, ఏదో ఒకటి చేయుమని కేకలు వేయుచున్నప్పుడు, ఏమియు చేయకుండుటయే ఉత్తమమని ఆజ్ఞ ఇవ్వగల అధికారి ఎంతమందిలో ఒకడుండును?

ఫ్రాన్సు దేశమువారికి కొంత వ్యవధి చిక్కినది. బ్రిటనీ తీరమునకు తెట్టు ఏప్రిల్ నెలలో చేరినది. వారి మత్స్యకారులు, ముఖ్యముగా ముత్యపుచిప్పల జాతికి చెందిన ఆయిస్టర్లను పెంచువారు, డిటర్జెంటును గట్టిగా వ్యతిరేకించిరి. అందుచే అక్కడ గడ్డి, రంపపుపొట్టు వేసి, చమురును పీల్చనిచ్చి, పారలతోను బాల్చీలతోను ఎత్తిరి. నడిసముద్రములో తేలుచున్న తెట్టుమీద సుమారు మూడువేల టన్నుల సుద్దపొడి చల్లి దానిని అడుగునకు ముంచిరి. ఇదియు మంచి మార్గమని ఇప్పుడెవరును అనరు; సముద్రపు అడుగున నున్న ప్రాణులు కూడ ప్రాణులే. అయినను ఒడ్డు దక్కినది. పక్షులు మాత్రము దక్కలేదు. ఉభయ తీరములలోను కలిపి పదునైదు వేలకు తక్కువ కాకుండ చచ్చినవని అంచనా. బ్రిటనీలోని ఏడు దీవుల పక్షిశరణాలయములో పఫిన్ అను రంగుముక్కు పక్షుల జంటలు వేలనుండి వందలకు దిగిపోయినవి.

నడుమ గర్న్‌సీ అను చిన్న దీవి కలదు. అక్కడివారు పీల్చి తెచ్చిన చమురు ముద్దను పాడుపడిన ఒక రాతిగనిలో పోసిరి. అంతటితో పని తీరినదనుకొనిరి. ఆ చమురు ఆ గనిలోనే దశాబ్దములకొలదిగ నిలిచియుండెను. నీరనుకొని దిగిన పక్షులు దానిలో చిక్కుకొనెడివి. 2010 ప్రాంతమున సూక్ష్మజీవులను ఉపయోగించి దానిని హరించుటకు ప్రయత్నములు చేయవలసి వచ్చినది.

ఇంక నష్టపరిహారపు కథ. రెండు ప్రభుత్వములకు కోట్లకొలది ఖర్చైనది. ఎవరిని అడుగవలెను? అమెరికా చట్టము ప్రకారము ఓడ యజమాని బాధ్యత ప్రమాదము జరిగినతరువాత ఓడలో మిగిలినదాని విలువకు మించదని యజమానుల పక్షమువారు వాదించిరి. మిగిలినది ఒక ప్రాణరక్షక పడవ. దాని వెల యాబది డాలర్లు.

బ్రిటిషువారు మరియొక దారి వెదకిరి. ఆ కంపెనీకే చెందిన లేక్ పలూర్డ్ అను మరియొక ఓడ 1967 జూలైలో సింగపూరు రేవులో కొంతసేపు ఆగినది. ఒక యువ న్యాయవాది పడవలో పోయి, ఓడ నెక్కి, కోర్టు నోటీసును స్తంభమునకు అంటించి వచ్చెను. అతనిని విస్కీ అమ్మువాడనుకొని నావికులు పైకి రానిచ్చిరని చెప్పుదురు. ఫ్రెంచివారు కొంచెము ఆలస్యముగా మేల్కొని, తమ నోటీసుతో వెంబడించునప్పటికి ఓడ రేవు దాటిపోయినది. తరువాతి సంవత్సరము వారు దానిని హాలెండులో పట్టుకొనిరి. చివరకు 1969 లో యజమానులు ముప్పది లక్షల పౌనులు చెల్లించి రాజీపడిరి. రెండు ప్రభుత్వములు దానిని పంచుకొన్నవి.

రుజియాతికి కప్తాను లైసెన్సు పోయినది. లైబీరియా ప్రభుత్వపు విచారణ సంఘము తప్పంతయు అతనిదే యన్నది. జబ్బుపడి ఇటలీలో ఆస్పత్రిలోనున్న అతనిని పత్రికా ఛాయాగ్రాహకులు వెంబడింపగా, మంచము క్రింద దాగుకొన్న స్థితిలో అతని ఛాయాచిత్రము తీసి ప్రచురించిరి. తొందరపెట్టిన పోటును, కోసి అతికించిన ఓడను, అయిదారు దేశముల యజమాన్యమును, ఎవరును మంచము క్రింద వెదకలేదు.

అయినను ఈ ఓడ మునిగినందువలన చట్టము తేలినది. 1969 లో బ్రస్సెల్సు నగరమున రెండు ఒప్పందములు కుదిరినవి. మొదటిది, తన తీరమునకు ఘోరమైన ముప్పు వచ్చినప్పుడు, బహిరంగ సముద్రములోనైనను, పరదేశపు ఓడయైనను, తీరప్రాంత ప్రభుత్వము జోక్యము చేసికొనవచ్చునని చెప్పునది. రెండవది, తప్పు ఎవరిదన్న వాదముతో నిమిత్తము లేకుండ ఓడ యజమాని ఒక పరిమితివరకు పరిహారమీయవలెననియు, అందుకై ముందుగా బీమా చేయించుకొనవలెననియు చెప్పునది. 1971 లో, ఆ పరిమితి చాలనప్పుడు ఇచ్చుటకై, చమురు దిగుమతి చేసికొనువారి చందాలతో ఒక నిధి ఏర్పాటునకు మరియొక ఒప్పందము కుదిరినది. 1973 లో ఓడల కాలుష్యమును అరికట్టు పెద్ద ఒప్పందము వచ్చి, 1978 లో సవరింపబడినది. ఉత్తర సముద్రపు దేశములు 1969 లోనే బాన్ నగరమున ఒడంబడి, ఒకరి తీరమునకు తెట్టు వచ్చినచో మరియొకరు తోడ్పడుటకు మాట యిచ్చుకొన్నవి.

చట్టము వచ్చినంత వేగముగా సన్నాహము రాలేదు. ఫ్రాన్సువారు టోరీ కాన్యన్ తరువాత పోల్మార్ అను పేర ఒక ప్రణాళికను వ్రాసికొనిరి. 1978 మార్చి 16 న అమోకో కాడిజ్ అను ఓడ చుక్కాని యంత్రము చెడి అదే బ్రిటనీ తీరమువైపు కొట్టుకొని వచ్చినది. లాగుటకు వచ్చిన టగ్గు ఓడ కప్తానుకును, ఈ ఓడ కప్తానుకును నడుమ ఏ షరతులమీద లాగవలెనను బేరము కొంతసేపు నడచినది. తాడు కట్టిరి, తెగినది. రాత్రికి ఓడ బండలమీద ఉండెను. 2,20,000 టన్నులకు పైగా చమురు పోయినది, టోరీ కాన్యన్‌కు దాదాపు రెట్టింపు. అప్పుడు ప్రణాళికను తిరగ వ్రాసి, బ్రెస్టు రేవులో బలమైన టగ్గును ఎల్లప్పుడును సిద్ధముగా నిలిపిరి. బ్రిటనీ గ్రామములవారు అమెరికా కోర్టులలో పద్నాలుగేండ్లు పోరాడి పరిహారము పొందిరి.

1989 మార్చిలో అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ బండనెక్కినప్పుడు కాగితముమీద చక్కని ప్రణాళిక ఉండెను. సామగ్రి మోయవలసిన పడవ మాత్రము మరమ్మతులో ఉండెను. అలమారలోని ప్రణాళికకును, రేవులోని పడవకును గల భేదము అప్పుడు లోకమునకు తెలిసినది. మరుసటి సంవత్సరము, 1990 లో, చమురు ప్రమాదములకు ముందుగా సిద్ధపడుట, సమయమునకు స్పందించుట, పరస్పరము సహకరించుట అను మూడు విషయములపై ప్రత్యేకముగా ఒక అంతర్జాతీయ ఒప్పందము ఏర్పడినది. భారతదేశము 1997 లో దానిలో చేరినది.

మన దేశమునకు ఈ అనుభవము కొత్తది కాదు. 1974 లో ట్రాన్స్‌హ్యూరాన్ అను అమెరికా ఓడ లక్షద్వీపములలోని కిల్తాన్ దీవి పగడపు దిబ్బమీద ఎక్కి, వేలకొలది టన్నుల చమురును పోసినది. అప్పటికి మనకు తీరరక్షకదళమే లేదు. ఆ దళము 1977 లో ప్రారంభమై 1978 లో చట్టబద్ధమైనది. 1996 లో జాతీయ ప్రణాళిక వెలువడినది. దాని ప్రకారము చిందిన చమురు 700 టన్నుల లోపైనచో ఆ రేవువారే చూచుకొనవలెను. అంతకు మించి 10,000 టన్నులవరకు తీరరక్షకదళము ప్రాంతీయ సామర్థ్యమును కూడదీయవలెను. దానినికూడ మించినచో దేశమంతయు, అవసరమైనచో పరదేశముల సహాయమును, కదలవలెను. డిటర్జెంటు సంతతికి చెందిన మందులు ఇప్పుడు మునుపటంత విషపూరితములు కావు. అయినను తీరరక్షకదళము అనుమతి లేనిదే వాటిని వాడరాదు. పల్లపు నీటిలోను, మడ అడవుల చెంతను వాడరాదు. కార్న్‌వాల్ లింపెట్లు ప్రాణములిచ్చి వ్రాయించిన నియమమిది.

మన తెలుగు తీరమున విశాఖపట్టణములో 1957 నుండి చమురుశుద్ధి కర్మాగారము నడచుచున్నది. చమురు ఓడలు వచ్చుచు పోవుచునే యుండును. కాకినాడ దాపున కోరంగి మడ అడవులు, దక్షిణమున పులికాటు సరస్సు కలవు. సాయంకాలము రేడియోలో సముద్రముపైకి పోవువారికై చదువు వాతావరణ సూచనలు విని వలలు సరిచూచుకొను కుటుంబములు ఈ తీరము పొడవునను కలవు. తెట్టును నీటిమీద తేలు కంచెలతో చుట్టి, పాలమీది మీగడవలె తీయు యంత్రములుగల ప్రత్యేక ఓడలను తీరరక్షకదళము సమకూర్చుకొన్నది. వాటిలో సముద్ర పహరేదార్ అనునది విశాఖపట్టణమునే నెలవుగా చేసికొన్నది. ప్రమాదము జరిగినదనుకొని రేవులవారిని, చమురు కంపెనీలవారిని, ప్రభుత్వ శాఖలవారిని కూర్చి అభ్యాసములును జరుపుచున్నారు.

ఇంత యున్నను, 2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరమున, ఎన్నూరులోని కామరాజరు రేవు వెలుపల రెండు ఓడలు ఢీకొన్నప్పుడు జరిగినదానిని మనము ఛాయాచిత్రములలో చూచితిమి. టోరీ కాన్యన్‌తో పోల్చిన అది చాల చిన్న ప్రమాదము. కాని పోయినది ఇంధనపు చిక్కని చమురు. అది బండల సందులలో పేరుకొని గట్టిపడినది. పీల్చు యంత్రములు తెచ్చిరి; చాలచోట్ల గొట్టములు లాగలేకపోయినవి. అప్పుడు తీరరక్షకదళమువారు, విద్యార్థులు, స్వచ్ఛందముగా వచ్చిన యువకులు, మత్స్యకారులు వరుసగా నిలిచి, ప్లాస్టికు బాల్చీలతో ముంచి, చేతినుండి చేతికి అందించుకొనుచు దినములకొలది ఎత్తిపోసిరి. చేపలు మంచివైనను కొనువారు లేక, ఎన్నూరుమొదలు దక్షిణపు కుప్పములవరకు పడవలు ఒడ్డుననే యుండెను. అట్లెత్తిన ముద్దనంతయు రేవు ఆవరణలోనే గుంటలు త్రవ్వి, ఇసుకతో కలిపి, చమురును తిను సూక్ష్మజీవులను దానిలో చేర్చి ఉంచిరి. గర్న్‌సీ దీవి గనిలో నాలుగు దశాబ్దముల తరువాత చేసిన పనిని, ఇక్కడ మొదటి నెలలోనే మొదలుపెట్టిరి.